శిక్షణకు డబ్బు ఏ రోజున చెల్లిస్తున్నాం?

ఉపాధి శిక్షణకు ప్రభుత్వం ఎన్ని కోట్లు కేటాయించిందో ప్రతి బడ్జెట్ తర్వాతా పత్రికలు రాస్తూనే ఉంటాయి. ఆ కోట్లు శిక్షణ సంస్థ ఖాతాలో ఏ రోజున, ఏ పని పూర్తయినందుకు పడుతున్నాయో మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నల్లగొండ ప్రాంతంలో ప్రభుత్వ ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు, ఈ రంగంలో మంచిచెడులన్నీ ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపిస్తుంది.

యువతకు ఉచితంగా నైపుణ్య శిక్షణ ఇప్పించే కేంద్ర పథకం, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన, 2015 జూలైలో మొదలైంది. దాని రెండో విడతలో, అంటే 2016 నుంచి 2020 వరకు, శిక్షణ సంస్థకు బ్యాచ్ ప్రారంభం కాగానే 30 శాతం, అభ్యర్థి పరీక్ష పాసై సర్టిఫికెట్ అందుకున్నాక 50 శాతం, ఉద్యోగాలు చూపాక మిగిలిన 20 శాతం సొమ్ము చెల్లించే పద్ధతి ఉండేది. సంస్థ నడిపేవాడి స్థానంలో కూర్చుని ఈ లెక్క వేసి చూడండి. పిల్లవాడు చేరి, పరీక్ష హాలులో కూర్చుని, పాసయ్యాడనిపించుకుంటే నూటికి ఎనభై చేతికి వచ్చేసినట్టే. ఇక వాడిని హైదరాబాదులో ఒక కంపెనీకి తీసుకెళ్లి, ఒప్పించి, రూము చూపించి, నెలల తరబడి ఫోన్లు చేస్తూ నిలబెట్టే శ్రమంతా ఆ చివరి ఇరవై కోసం పడాలి. వ్యాపారం తెలిసినవాడు ఎవడైనా ఆ ఇరవై వదులుకుని ఇంకో బ్యాచ్ మొదలుపెడతాడు. అందులో మోసం ఉండనక్కర లేదు, లెక్కే అటు నడిపిస్తుంది.

గంటకు ఇంత అని కట్టిన ధర కూడా అదే దారిలో నడిపించింది. 2015లో ప్రకటించిన ఉమ్మడి వ్యయ నిబంధనల ప్రకారం ఒక అభ్యర్థికి ఒక గంట శిక్షణకు, యంత్రాలు ఎక్కువ కావలసిన మొదటి తరగతి ట్రేడులకు 38 రూపాయల 50 పైసలు, రెండో తరగతికి 33 రూపాయలు, మూడో తరగతికి 27 రూపాయల 50 పైసలు నిర్ణయించారు. తర్వాతి సంవత్సరాల్లో ఈ రేట్లు పెరిగాయి కానీ నేను చెప్పదలచింది తేడా గురించి. లేత్ మిషను, వెల్డింగ్ సెట్టు, త్రీఫేజు కరెంటు, షెడ్డు పెట్టుకుని నేర్పేవాడికి, అద్దె హాలులో కుర్చీలు, కంప్యూటర్లు వేసి నేర్పేవాడికి మధ్య గంటకు 11 రూపాయల తేడా ఉంటే, రెండో పని మానేసి మొదటి పని ఎవరు ఎత్తుకుంటారు? అందుకే మన పట్టణాల్లో బస్టాండు దగ్గర రెండో అంతస్తులో రిటైల్ సేల్స్, డేటా ఎంట్రీ, కాల్ సెంటర్ కోర్సుల ఫ్లెక్సీలే ఎక్కువ కనిపించాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, రంగు మారిన బియ్యం గింజలను ఏరే సార్టెక్స్ యంత్రం ఆగిపోతే బాగుచేసే మనిషి కోసం యజమానులు ఎక్కడెక్కడికో ఫోన్లు చేసుకోవలసి వస్తుంది, ఆ పని నేర్పుతామన్న ఫ్లెక్సీ ఒక్కటి కూడా నా కంటబడలేదు.

ఇలాంటి సెంటర్ ఒకదాన్ని దగ్గర నుంచి చూశాను. పేరు అనవసరం. ఊళ్లలో తిరిగి అభ్యర్థులను పోగుచేసే మొబిలైజర్ ఒక తండాకు వచ్చి, "పేరొక్కటి రాయించు తమ్మీ, ఆధార్ జిరాక్స్ ఇయ్యి, మిగిలింది మేం చూసుకుంటం" అని చెప్పి వెళ్లాడు. బయోమెట్రిక్ హాజరు కోసం పొద్దున, సాయంత్రం వేలు పెట్టే వేళకు గది నిండేది, మధ్యలో సగం కుర్చీలు ఖాళీ. బ్యాచ్ చివర్లో పిల్లల్లో కొందరికి నగరంలోని ఒక మాల్‌లో ఉద్యోగం వచ్చిన మాట నిజమే. పన్నెండు వేల జీతంలో హాస్టలుకు, భోజనానికి, బస్ పాసుకు పోను మిగిలేది ఎంతో లెక్క చెప్పి, "జీతమంతా ఆడనే ఒడుస్తుంది సార్, ఇంటికేం పంపాలె?" అని అడిగిన దేవరకొండ వైపు కుర్రాడికి నేను సమాధానం చెప్పలేకపోయాను. రెండు నెలలు తిరగకముందే అతను తిరిగొచ్చి పత్తి చేలోకి వెళ్లాడు. సెంటర్ రికార్డులో మాత్రం అతను ఇప్పటికీ ఉద్యోగం పొందినవాడే.

2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక చదివాక ఇది మన జిల్లా గోడు మాత్రమే కాదని అర్థమైంది. ఈ పథకం రెండు, మూడు విడతల్లో నమోదైన అభ్యర్థుల్లో 94 శాతానికి పైగా మంది బ్యాంకు ఖాతా వివరాల గడి ఖాళీగానో, సున్నాలతోనో, పనికిరాని సమాచారంతోనో ఉందని ఆ నివేదిక చెప్పింది. స్వల్పకాలిక శిక్షణ పొంది సర్టిఫికెట్ అందుకున్నవారిలో ఉద్యోగం దొరికినవారు దాదాపు 41 శాతం. ఇందులో ఉద్యోగం దొరికిన సంఖ్య కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మొదటి సంఖ్య. మనిషికి డబ్బు చేరవలసిన ఖాతా నంబరే లేని రికార్డు మీద సంస్థకు బిల్లు పాసైందంటే, ఆ మనిషి ఏమయ్యాడన్నది ఆ వ్యవస్థకు అవసరమైన సమాచారం కాదన్న మాట. అసలు 2016లోనే ప్రభుత్వం వేసిన శారదా ప్రసాద్ కమిటీ, లక్ష్యాలు మరీ పెద్దవిగా పెట్టుకున్నారని, ఒక్కో పరిశ్రమకు శిక్షణ ప్రమాణాలు నిర్ణయించే రంగాల వారీ నైపుణ్య మండళ్లలో స్వప్రయోజనాల ఘర్షణ ఉందని విమర్శించింది. ఆ విమర్శకు తగిన మార్పులు జరిగి ఉంటే తర్వాతి కోట్లు ఇంకోలా ఖర్చయ్యేవి.

జరిగిందేమిటంటే, నాలుగో విడతకు వచ్చేసరికి ఉద్యోగాల లెక్కను పథకం నుంచే విడదీశారు. మొదటి మూడు విడతల్లో స్వల్పకాలిక శిక్షణ తీసుకున్నవారి ఉద్యోగాలను నమోదు చేసేవారు. ఇప్పుడు అభ్యర్థి తనకు నచ్చిన దారి ఎంచుకునేలా సాధికారత కల్పించడమే ఉద్దేశమని అంటున్నారు. మాట వినసొంపుగానే ఉంది. పిల్లలకు స్వయం ఉపాధి, పై చదువు వంటి దారులు ఉంటాయని నేనూ ఒప్పుకుంటాను. అయితే పరీక్షలో మార్కులు తక్కువ వస్తున్నాయని పరీక్షే ఎత్తేసిన బడిని ఏ తల్లిదండ్రులు మెచ్చుకుంటారు? 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఈ పథకాన్ని, అప్రెంటిస్ ప్రోత్సాహక పథకాన్ని, జన శిక్షణ సంస్థాన్‌ను ఒకే గొడుగు కిందికి తెచ్చి 2026 వరకు 8,800 కోట్ల రూపాయలతో కొనసాగించింది. పేర్లు కలిశాయి. ఫలితానికి, చెల్లింపుకు ఉన్న ముడి మాత్రం గట్టిపడకపోగా వదులైంది.

చెల్లింపును ఉద్యోగానికి ముడిపెట్టమంటే వచ్చే ఆక్షేపణ తేలికగా తీసిపారేయదగ్గది కాదు. అమెరికాలో 1982 నాటి ఉద్యోగ శిక్షణ భాగస్వామ్య చట్టం సరిగ్గా ఇదే పని చేసింది. శిక్షణ సంస్థలతో ఫలితాల మీద ఆధారపడిన ఒప్పందాలు కుదుర్చుకున్నారు. దాంతో సంస్థలు ఎలాగూ ఉద్యోగం దొరికేవారిని ఏరుకుని చేర్చుకుని, నిజంగా సాయం కావలసినవారిని గుమ్మం దగ్గరే వదిలేశాయన్న విమర్శ పెద్ద ఎత్తున వచ్చింది. పదహారు ప్రాంతాల్లో ఇరవై వేల మందికి పైగా అభ్యర్థులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి జరిపిన అధ్యయనంలో పెద్దవయసువారి సంపాదన కొద్దిగా పెరిగింది, యువకులకు మాత్రం ఫలితం కనిపించలేదు. ఆ తర్వాత యువజన శిక్షణ నిధులకు కోత పడింది. ఆ దేశం అక్కడితో చేతులు దులుపుకోలేదు. 2014లో వచ్చిన చట్టం ప్రకారం, శిక్షణ ముగిసిన తర్వాత రెండో త్రైమాసికంలో, నాలుగో త్రైమాసికంలో ఆ మనిషి ఉద్యోగంలో ఉన్నాడా, ఎంత సంపాదిస్తున్నాడు అన్నది యజమానులు సమర్పించే వేతన రికార్డుల నుంచి చూస్తారు. పైగా ఎలాంటి అభ్యర్థులను చేర్చుకున్నారు, ఆ ప్రాంతంలో ఉద్యోగాల పరిస్థితి ఏమిటి అన్నవి లెక్కలోకి తీసుకుని లక్ష్యాన్ని సవరిస్తారు. అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను అనను. కొలిచే రోజును శిక్షణ ముగిసిన ఏడాది దాకా వాయిదా వేయడం, కష్టమైన అభ్యర్థికి వేరే కొలబద్ద పెట్టడం అన్న రెండు సంగతులు మాత్రం మనకు పనికొస్తాయి.

మన దగ్గర అలాంటి వేతన రికార్డు లేదనేవారు భవిష్యనిధి (పీఎఫ్) ఖాతాను మరచిపోతున్నారు. ఇరవై మంది, అంతకు మించి పనివారు ఉన్న సంస్థలో చేరినవాడికి ఉద్యోగం మారినా మారని యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు వస్తుంది, నెలనెలా యజమాని కట్టే చందా అందులో కనిపిస్తుంది. ఆఫర్ లెటరు ఎవరైనా టైపు చేయవచ్చు. పన్నెండు నెలల పీఎఫ్ చందాను టైపు చేయడం అంత తేలిక కాదు. శిక్షణ సంస్థకు ఇచ్చే మొత్తంలో కనీసం సగాన్ని ఈ పన్నెండో నెల చందా కనిపించిన రోజున చెల్లించాలన్నది నా వాదన. నల్లగొండ పట్టణంలో ఉండి డిగ్రీ చదివిన కుర్రాడికి ఒక ధర, చందంపేట తండా నుంచి పదో తరగతి తప్పి వచ్చిన అమ్మాయికి దానికి దాదాపు రెట్టింపు ధర ఉండాలి. అప్పుడు ఆ అమ్మాయిని వదిలేసి ఈ కుర్రాణ్ని ఎంచుకోవడం సంస్థకు లాభసాటి కాదు.

పీఎఫ్ లేని చోట ఏం చేయాలన్న ప్రశ్న ఉంది, అది పెద్దదే. మోటారు వైండింగ్ షాపు, టూవీలర్ మెకానిక్, ఇంటి దగ్గర కుట్టుమిషను, ఇవన్నీ ఆ రికార్డుకు బయటే ఉంటాయి. ఇక్కడ మనకున్న బలం మహిళా సంఘాలు. ఏ ఇంటి పిల్లవాడు ఊళ్లో ఉన్నాడు, ఎవరు హైదరాబాదు పోయారు, ఎవరు నెలనెలా పొదుపు కడుతున్నారు అన్నది గ్రామ సంఘం సహాయకురాలికి తెలిసినంతగా ఏ పోర్టల్‌కూ తెలియదు. గ్రామీణ శిక్షణ బాధ్యత ఎలాగూ గ్రామీణాభివృద్ధి శాఖ కిందే ఉంది, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనను మన రాష్ట్రంలో ఆ శాఖ కిందే ఉన్న ఉపాధి కల్పన సంస్థ ఈజీఎంఎం నడిపింది. ఏడాది తర్వాత ఇంటికి వెళ్లి చూసి రాసే ఆ చిన్న పనికి గ్రామ సంఘానికి అభ్యర్థికింత అని రుసుము ఇస్తే, ఆ ఖర్చు ఫ్లెక్సీలకయ్యే ఖర్చును మించదు.

ఇక నేను జీవితమంతా గడిపిన ఐటీఐల సంగతి. ఫిట్టర్ ట్రేడులో చేరిన పిల్లవాడికి మొదట ఇచ్చేది ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి. దాన్ని వైస్‌లో బిగించి, పక్కలు నాలుగూ చదునుగా, ఒకదానికొకటి సరిగ్గా 90 డిగ్రీలు ఉండేలా రాకాలి. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నని వెలుగు గీత ఎక్కడో ఒక చోట కనిపిస్తూనే ఉంటుంది. మళ్లీ రాకు, మళ్లీ పట్టుకుని చూడు. అరచేతులు పొక్కుతాయి, కొందరు మానేస్తామంటారు. ఒకనాటికి ఆ గీత కనిపించకుండా పోతుంది, అప్పటికి ఆ చేతికి లోహం మీద ఎంత బరువు వేయాలో తెలిసిపోయి ఉంటుంది. ఈ పనిని తొందరపెట్టడం ఎలాగో నాకింతవరకు తెలియలేదు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడులకు రెండేళ్లు, వెల్డర్‌కు ఏడాది అని 1950 నుంచి నడుస్తున్న కుశల కార్మికుల శిక్షణ పథకం పెట్టిన గడువు వెనక ఉన్న సంగతి ఇదే. మూడు నెలల కోర్సులు ఈ చేతిని తయారుచేయలేవు, కొన్ని పనులకు ఆ చేయి అక్కరలేదు కాబట్టి అవి కొంతవరకు చెల్లుతాయి.

అయినా ఐటీఐలకు అందవలసింది అందలేదు. రిటైరైన బోధకుల స్థానంలో గంటల లెక్కన గెస్టు ఫ్యాకల్టీతో నెట్టుకొచ్చిన సంవత్సరాలు నాకు తెలుసు. వెల్డింగ్ పిల్లలకు రాడ్లు లెక్కపెట్టి ఇవ్వవలసి వచ్చేది. రాడ్డు కాలితేనే వెల్డర్ తయారవుతాడు, ఆ రాడ్డుకు డబ్బు లేదంటే కోర్సు ఎన్నేళ్లు నడిచినా కాగితమే మిగులుతుంది.

ఈ మధ్య యంత్రాల విషయంలో పరిస్థితి మారింది, ఆ మాట ఒప్పుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వం 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడానికి టాటా టెక్నాలజీస్‌తో పదేళ్ల ఒప్పందం కుదుర్చుకుని, 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన చేసింది. 2,324 కోట్ల రూపాయల ఈ పనిలో రాష్ట్రం వాటా దాదాపు 308 కోట్లు, మిగిలినది ఆ కంపెనీ భరిస్తుంది. మా కాలంలో క్యాటలాగులో బొమ్మ చూపి చెప్పిన, కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే సీఎన్‌సీ యంత్రం ఇప్పుడు పిల్లవాడి ముందు తిరుగుతుంది. కేంద్రం వైపు నుంచి పీఎం సేతు పేరుతో వెయ్యి ఐటీఐల ఉన్నతీకరణకు 60,000 కోట్ల రూపాయల పథకం వచ్చింది. అందులో కేంద్రం 30,000 కోట్లు, రాష్ట్రాలు 20,000 కోట్లు, పరిశ్రమలు 10,000 కోట్లు పెట్టాలి. సంతోషమే. నా సందేహం యంత్రం వచ్చిన మూడో ఏడాది గురించి. దాని స్పిండిల్ చెడితే బాగుచేయించే పద్దు ఎవరిది, దాన్ని నడపగల బోధకుడి పోస్టు మంజూరైందా, కటింగ్ టూల్స్ కొనడానికి ప్రిన్సిపాల్ చేతిలో ఎంత ఉంది అన్న ప్రశ్నలకు ప్రారంభోత్సవ ఉపన్యాసాల్లో జవాబు దొరకదు. మరో సంగతి, ఆరో వంతు డబ్బు పెట్టే పరిశ్రమకు పాఠ్యాంశాల్లో, నిర్వహణలో పెద్దపీట వేస్తున్నప్పుడు, అదే పరిశ్రమ ఏడాదికి ఇంతమందిని ఇంత జీతానికి తీసుకుంటానని ముందే సంతకం పెట్టాలని అడగడంలో తప్పేముంది?

పరిశ్రమ బాధ్యత గురించి కొత్త చట్టం కూడా అక్కరలేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం, దాని కింద తర్వాత సవరించిన నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించి పనివారున్న ప్రతి సంస్థా తన బలగంలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. స్టైపెండులో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలు మించకుండా, కేంద్రమే భరిస్తుంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా సెజ్‌కు భూములిచ్చిన కుటుంబాల పిల్లలకు ఈ రెండున్నర శాతంలో మొదటి హక్కు ఉండాలని నేను అంటాను. భూమి పోయినవారికి గేటు దగ్గర సెక్యూరిటీ పని, లోపల ఊడ్చే పని దక్కడం మనమంతా చూసిన కథే. మహబూబ్‌నగర్ శివార్లలో దివిటిపల్లి వద్ద అమరరాజా సంస్థ 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన చేసింది. దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. ఇలాంటి చోట్ల ఎన్ని అప్రెంటిస్ సీట్లు రావాలి, ఎన్ని నిండాయి, వాటిలో జిల్లా పిల్లలెందరు అన్న మూడు అంకెలను కలెక్టర్ ఏటా ప్రకటించవచ్చు. దానికి రూపాయి ఖర్చు లేదు, ఇబ్బందల్లా యజమానులతో మొహమాటమే.

పాలమూరు గురించి ఒక మాట విడిగా చెప్పాలి. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసి రాయి పేర్చిన చేతులవి. ఆ మేస్త్రీలకు పని నేర్పేదేముంది, వారి దగ్గర ఉన్న పనితనాన్ని గుర్తించి కాగితం ఇద్దామని ముందస్తు నైపుణ్య గుర్తింపు అన్న భాగాన్ని తెచ్చారు. ఆలోచన మంచిది. ఆచరణలో కొద్ది గంటల పరిచయ తరగతి, ఒక పరీక్ష, 500 రూపాయల ప్రోత్సాహకం, ఒక సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ చూసి ఒక్క కాంట్రాక్టర్ అయినా రోజుకూలి పెంచాడని నేను వినలేదు. పెంచే మార్గం ప్రభుత్వం చేతిలోనే ఉంది. ప్రభుత్వ నిర్మాణ పనుల టెండరులోనే, సర్టిఫికెట్ ఉన్న మేస్త్రీకి ఇంత కనీస కూలి ఇవ్వాలని, మేస్త్రీల్లో ఇంత శాతం సర్టిఫికెట్ ఉన్నవారు ఉండాలని రాస్తే ఆ కాగితానికి ఆ రోజునే విలువ వస్తుంది. 1996 చట్టంతో మొదలై, నిర్మాణ వ్యయం మీద వసూలు చేస్తూ వచ్చిన ఒక శాతం సెస్సు ఎలాగూ ఈ కార్మికుల సంక్షేమం కోసమే.

ఇదంతా చెబితే, నిబంధనలు బిగిస్తే శిక్షణ సంస్థలు పారిపోతాయని ఒక మిత్రుడు అన్నాడు. కొన్ని పారిపోతాయి, పోనివ్వాలి. నిలిచేవి ఎలాంటివో మన దగ్గరే ఉన్నాయి. భూదాన్ పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ 1995 నుంచి వసతితో కూడిన శిక్షణ ఇస్తోంది. బ్యాంకులు జిల్లాకొకటి చొప్పున నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలు, కర్ణాటకలోని ఉజిరెలో 1982లో మొదలైన నమూనాను అనుసరించి, శిక్షణ తర్వాత కూడా అభ్యర్థి వెంట ఉండి బ్యాంకు రుణం దాకా తీసుకెళ్లే పద్ధతి పాటిస్తాయి. సొంత భవనం, సొంత బోధకులు, వచ్చే ఏడాది కూడా అదే ఊళ్లో ముఖం చూపించుకోవలసిన అవసరం ఉన్న సంస్థలకు ఐదేళ్ల నికర నిధులు ఇస్తామని మాటిస్తే, ఫలితం ఆధారంగా చెల్లింపుకు అవి వెనకాడవు. బ్యాచ్‌ల వారీగా టార్గెట్లు విసిరే పద్ధతిలో ఆ భరోసా దొరకదు కాబట్టే అద్దె హాళ్లు గెలుస్తున్నాయి.

కొత్త టెక్నాలజీ సెంటర్ల నుంచి రెండేళ్ల కోర్సుల తొలి బ్యాచ్‌లు బయటికి వస్తాయి. పాత లెక్కల చిక్కులేవీ వీరికి లేవు, కాబట్టి కొలవడం ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. చేరినప్పుడే ప్రతి విద్యార్థి అనుమతి తీసుకుని, ఉద్యోగంలో చేరాక వచ్చే యూఏఎన్‌ను ఐటీఐ రికార్డుకు జతచేయాలి. కోర్సు ముగిసిన ఏడాదికి ట్రేడుల వారీగా ఎందరు పనిలో ఉన్నారు, మధ్యస్థ జీతం ఎంత, ఎందరు సొంత షాపు పెట్టుకున్నారు అన్న వివరాలను పేర్లు లేకుండా ఒక పట్టికగా వేసి, జూన్‌లో ప్రవేశాలు మొదలయ్యే ముందు ఆ సెంటర్ గేటు దగ్గర, మండల పరిషత్ ఆఫీసులో, పదో తరగతి ఉన్న ప్రతి ఉన్నత పాఠశాలలో అంటించాలి. మరుసటి ఏడాది ఆ సెంటర్‌కు ముడి సరుకుల పద్దు, బోధకుల పోస్టులు ఆ పట్టిక చూసి మంజూరు చేయాలి. అంకెలు తక్కువగా ఉన్న చోట నిధులు కోయడానికి తొందరపడకుండా, బోధకుడు లేకనా, రాడ్లు లేకనా, చుట్టుపక్కల ఆ ట్రేడుకు పనే లేకనా అన్నది ముందు తేల్చాలి.